షీల్డ్ ఫైనల్ డెర్బీ: షూటౌట్‌కి ముందు గిల్‌ని ఎందుకు తీసేశారు?

ఖరగ్‌పూర్_రైల్ | అక్టోబర్ 18, 2025, రాత్రి 9:52

పోయింది. 120 నిమిషాల ఆట 1-1, షూటౌట్‌లో 5-4. మన ఈస్ట్ బెంగాల్‌ని ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ కప్పుని కోల్‌కతాలోని మన పాత ప్రత్యర్థి మోహన్ బగాన్ పట్టుకుపోయింది. ఓటమి సంగతి సరే, ఆటన్నాక ఎవడో ఒకడు ఓడాలి. నా కడుపుమంట వేరే.

ఆటంతా గోల్‌లో నిలబడ్డ ప్రభ్‌సుఖన్ గిల్‌ని సరిగ్గా షూటౌట్‌కి ముందు లాగేసి దేబ్‌జిత్ మజుందార్‌ని దింపాడు మన కోచ్ బ్రూజోన్. దేబ్‌జిత్ ఒక్కటంటే ఒక్కటీ ఆపలేదు. ఐదుకి ఐదూ వలలోకే. అటు పక్క విశాల్ కైత్ మన జయ్ గుప్తా కొట్టింది ఆపేసి చేతులు దులుపుకున్నాడు.

ఏటండీ ఇది? ఈ సీజన్‌లో పెద్ద మ్యాచ్‌లన్నీ గిల్ ఆడాడు. రెండు గంటలపైన ఒళ్ళు వేడెక్కి ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి, బెంచీ మీద చల్లబడిపోయిన 37 ఏళ్ళ మనిషిని తెచ్చి నిలబెడతారా? తిట్టుకుందాం రండి. ఎవరి మార్కులు వాళ్ళు కూడా వెయ్యండి.

పచ్చ_మెరూన్ | రాత్రి 10:04

ఆయ్, ముందు నా రొయ్యల కూర ఫొటో చూడండి, తర్వాత తిట్టుకుందురు గాని. 😄 బగాన్ గెలిచిన రాత్రి రొయ్యలు వండకపోతే మా ఇంటి ఓనరు గారు అద్దె పెంచేస్తారు.

2003 తర్వాత మళ్ళీ ఇప్పుడే షీల్డ్ మా చేతికొచ్చింది. 22 ఏళ్ళండీ. మొత్తం మీద 21వ షీల్డ్. 1911లో ఉత్త కాళ్ళతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించింది ఈ షీల్డ్ కోసమే, మర్చిపోకండి.

గిల్ సంగతంటారా, మాకు చాలా సంతోషం. మీ కోచ్ గారికి మా తరఫున ఒక పులస పంపిస్తాం.

ఖరగ్‌పూర్_రైల్ | రాత్రి 10:07

పులస మా చేప. బెంగాలీలు దాన్నే ఇలిష్ అంటారు, అది ఈస్ట్ బెంగాల్ వాళ్ళ చేప, రొయ్యలు మీ బగాన్ వాళ్ళవి. గోదావరి వాడివై ఉండి పులస తినే నోటితో బగాన్‌కి జై కొడుతున్నావు, ఆ పాపం ఊరికే పోదు.

పచ్చ_మెరూన్ | రాత్రి 10:09

పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గాని, పులస తిన్నాక ఫలానా జట్టుకే జై కొట్టాలని మా ఊళ్ళో ఎవరూ అనలేదండి.

గచ్చిబౌలి_గ్యాలరీ | రాత్రి 10:21

అన్నా, గిల్ గురించి నేను ఒక్క ముచ్చట చెప్త. 2022 మార్చి 20, ఫతోర్డా. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. మన హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్. 1-1 మీద షూటౌట్‌కు పోయింది. మన దిక్కు కట్టిమణి మూడు ఆపిండు. 3-1తో కప్పు మనది. మరి కేరళ గోల్‌ల ఎవరున్నరు? గదే గిల్.

ఆ రోజు మనోళ్ళు కొట్టిన వాటిల గిల్ చేతికి ఒక్కటి చిక్కలే. సివేరియో ఒక్కడు మిస్ చేసిండు, అది కూడ బయటికి కొట్టుకున్నడు. ఆ సీజన్‌ల బెస్ట్ కీపర్‌కు ఇచ్చే గోల్డెన్ గ్లవ్ గిల్‌దే, అంటే మామూలు కీపర్ కాదు. కాని షూటౌట్ వేరే ఆట. గందుకే కోచ్ ఆలోచన పూర్తిగ పిచ్చిదని నేను అనను.

ఇంకో తమాషా. ఆ రాత్రి కట్టిమణి ఆపిన వాటిల ఒకటి జీక్సన్ సింగ్ కొట్టింది. ఆ జీక్సన్ ఇప్పుడు మీ ఈస్ట్ బెంగాల్‌లనే ఉన్నడు.

ఖరగ్‌పూర్_రైల్ | రాత్రి 10:26

తమ్ముడూ, మూడున్నరేళ్ళ కిందటి షూటౌట్ చూపించి ఈ రోజు గిల్‌ని తీసెయ్యడం సరే అంటావా? అప్పుడు వాడికి 21 ఏళ్ళు.

గచ్చిబౌలి_గ్యాలరీ | రాత్రి 10:29

సరే అనలే అన్నా. పిచ్చిది కాదు అన్న. రెంటికి తేడా ఉంది.

అయిన మాకెందుకు లే. మా క్లబ్బును ఈ నెలనే ఢిల్లీకి పట్టుకపోయిన్రు. పేరు కూడ మార్చిన్రు. కప్పు గెలిచి నాలుగేండ్లు కాకముందే బాలయోగి స్టేడియం ఖాళీ. ఇగ మీ డెర్బీలు చూసుకుంట బతకాలె.

వింగ్‌బ్యాక్_వాణి | రాత్రి 10:41

అందరూ గోల్‌కీపర్ దగ్గరే ఆగిపోయారేంటి? మ్యాచ్ అక్కడ పోలేదు.

బగాన్ కమింగ్స్ పెనాల్టీ పాడు చేసుకున్నాడు. కాసేపటికే 36వ నిమిషంలో ఈస్ట్ బెంగాల్ హమీద్ గోల్. డెర్బీలో అంతకన్నా మంచి ఊపు ఎవరికి దొరుకుతుంది? ఎదుటివాళ్ళు తల పట్టుకుని ఉన్నారు. అక్కడి నుంచి హాఫ్ టైమ్ దాకా పది నిమిషాలు బంతిని దాచుకుంటే చాలు. అది కూడా చేతకాలేదు. ఫస్ట్ హాఫ్ అదనపు నిమిషాల్లో బగాన్ మిడ్‌ఫీల్డర్ అపుయా సమం చేసేశాడు.

నేను ఆడే జట్టులో మా కోచ్ ఎప్పుడూ అనే మాట: గోల్ కొట్టాక ఐదు నిమిషాలు, హాఫ్ టైమ్‌కి ముందు ఐదు నిమిషాలు, ఈ రెండు చోట్లా నిద్రపోతే ఇంటికే. ఈస్ట్ బెంగాల్ సరిగ్గా అక్కడే నిద్రపోయింది. గిల్‌ని తియ్యడం గురించి వంద పోస్టులు పడతాయి, అపుయాని వదిలేసిన మిడ్‌ఫీల్డ్ గురించి ఒక్కటీ పడదు.

పచ్చ_మెరూన్ | రాత్రి 10:48

వాణి గారూ, మీ మాటకి రెండు చేతులా దణ్ణం. అపుయా ఆట గురించి మాట్లాడేవాళ్ళే లేరు. మా జట్టులో నా మార్కులు: అపుయా 8, విశాల్ కైత్ 8, కమింగ్స్ 4. పెనాల్టీ పోయినందుకు కాదండీ, పోయాక వాడి మొహం చూశారా? ఆ తర్వాత బంతి వస్తుంటే వద్దన్నట్టున్నాడు.

ఇంకో మాట. ఈ గెలుపుతో మా వాళ్ళ కోపం చల్లారిపోయిందనుకోకండి. సెప్టెంబర్ 30న ఇరాన్ జట్టు సెపహాన్‌తో ఆడాల్సిన ఆసియా మ్యాచ్‌కి క్లబ్బు ఇరాన్ వెళ్ళనే లేదు. టోర్నీ నుంచే తప్పుకున్నట్టు లెక్క కట్టేశారు. సగం మంది అభిమానులు ఇప్పటికీ యాజమాన్యం మీద నిప్పులు చెరుగుతున్నారు. షీల్డ్ బాగుంది, ఆసియా పోయింది.

లెక్కల_మాస్టారు | రాత్రి 11:10

ఆవేశం తగ్గాక చదవండి నాయనా.

సాధారణంగా పెనాల్టీల్లో నాలుగింట మూడు గోల్ అవుతాయి. అంటే సగటు కీపర్ ఎదురుగా ఐదుకి ఐదూ పడే అవకాశం సుమారు 24 శాతం. నాలుగు షూటౌట్లకి దాదాపు ఒకసారి. కాబట్టి ‘దేబ్‌జిత్ ఒక్కటీ ఆపలేదు, అందుకే నిర్ణయం తప్పు’ అన్న వాదన నిలవదు. గిల్ ఉన్నా ఇదే జరగవచ్చు.

ఇప్పుడు రెండో వైపు. దేబ్‌జిత్ నిజంగానే పెనాల్టీల్లో గిల్ కన్నా కాస్త మెరుగు అనుకుందాం. కొట్టేవాడి అవకాశాన్ని 75 నుంచి 70 శాతానికి తగ్గించగలడనుకుందాం. అప్పుడు ఐదూ పడే అవకాశం 24 నుంచి 17 శాతానికి దిగుతుంది. లాభం ఏడు శాతం. ఈ కాస్త లాభం కోసం మొదటి గోల్‌కీపర్‌కి వేలమంది ముందు ‘నీ మీద నమ్మకం లేదు’ అని చెప్పినట్టయింది. అంత ఖరీదు పెట్టవచ్చా అన్నదే అసలు ప్రశ్న. ఫలితం చూసి తీర్పు చెప్పేవాళ్ళు పరీక్షలో జవాబు చూసి లెక్క చేసేవాళ్ళ లాంటివారు.

ఖరగ్‌పూర్_రైల్ | రాత్రి 11:16

మాస్టారూ, మీ లెక్క బాగుంది. కానీ 75ని 70 చేస్తాడన్న ఆ ‘అనుకుందాం’ ఎక్కణ్ణుంచి వచ్చింది? దేబ్‌జిత్ ఆఖరుసారి పెద్ద షూటౌట్‌లో ఎప్పుడు నిలబడ్డాడో మీలో ఎవరైనా చెప్పండి.

లెక్కల_మాస్టారు | రాత్రి 11:19

అదే నేనూ అడుగుతున్నాను. ప్రాక్టీసులో ఎవరు ఎన్ని ఆపుతున్నారో కోచింగ్ సిబ్బంది రోజూ చూస్తారు, మనం చూడం. అక్కడి లెక్క వాళ్ళ దగ్గర ఉండి ఈ పని చేస్తే ఒక మాట. పేరు చూసి చేస్తే ఇంకో మాట.

దోహా_శీను | రాత్రి 11:34

కీపర్ని మార్చడం కొత్తేం కాదు బ్రదర్స్. 2014 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, నెదర్లాండ్స్ కోస్టారికా మ్యాచ్. ఎక్స్‌ట్రా టైమ్ ఆఖర్లో నెదర్లాండ్స్ కోచ్ వాన్ హాల్ సిలెసెన్‌ని తీసి టిమ్ క్రూల్‌ని దింపాడు. క్రూల్ ఐదుసార్లూ సరైన వైపే దూకాడు, రెండు ఆపాడు. ప్రపంచమంతా వాన్ హాల్‌ని మేధావి అంది. తర్వాత సెమీస్‌లో అర్జెంటీనాతో మళ్ళీ షూటౌట్. ఆ రోజు సబ్‌లు అయిపోయాయి, క్రూల్‌ని దింపడానికి లేదు. సిలెసెన్ ఒక్కటీ ఆపలేదు, 4-2తో ఓటమి.

2022 జూన్‌లో ఇక్కడే ఖతార్‌లో ఆస్ట్రేలియా పెరూ ప్లేఆఫ్. కెప్టెన్ మాట్ ర్యాన్‌ని తీసి రెడ్‌మేన్‌ని తెచ్చారు. వాడు గీత మీద డాన్సులు చేసి ఆఖరి కిక్ ఆపాడు. ఆస్ట్రేలియా వరల్డ్ కప్‌కి వెళ్ళింది. ఆ రాత్రి నుంచి మా క్యాంపులో మలయాళీ కుర్రాళ్ళు నెల రోజులు ఆ డాన్సే వేశారు.

అలాగే బోల్తా కొట్టింది కూడా ఉంది. 2022లో ఇంగ్లండ్ కారబావ్ కప్ ఫైనల్లో చెల్సీ కోచ్ ట్యూకెల్ మెండీని తీసి కెపాని దింపాడు. లివర్‌పూల్ 11కి 11 కొట్టింది, కెపా ఒక్కటీ ఆపలేదు సరికదా, తన వంతు కిక్ బార్ మీదుగా లేపేశాడు. అదే కెపా, అదే మార్పు, ఆరు నెలల ముందు యూరప్ సూపర్ కప్‌లో విలారియల్ మీద రెండు ఆపి గెలిపించాడు!

బ్రూజోన్ ఏమీ కనిపెట్టలేదు. పాత మందే వాడాడు, పని చెయ్యలేదు.

వింగ్‌బ్యాక్_వాణి | రాత్రి 11:45

శీను గారు చెప్పిన వాటిలో ఒక తేడా ఉంది. క్రూల్ పొడవైనవాడు, కొట్టేవాళ్ళ దగ్గరికెళ్ళి మాటలతో బెదరగొట్టాడు. రెడ్‌మేన్ గీత మీద గెంతి కొట్టేవాడి కళ్ళు తిప్పాడు. అంటే వాళ్ళు దిగాక ఎదుటివాడికి కొత్త చికాకు మొదలైంది. దేబ్‌జిత్ దిగితే బగాన్ వాళ్ళకి కొత్తేముంది? 2014-15లో ఐ-లీగ్ గెలిచినప్పుడు వాళ్ళ గోల్‌కీపర్ అతనే. ఆ గ్యాలరీకి అతను పాత చుట్టం.

పచ్చ_మెరూన్ | రాత్రి 11:51

అవునండీ, ‘సేవ్‌జిత్’ అని మేం పెట్టిన పేరే. దిగుతుంటే మా స్టాండ్‌లో కొందరు చప్పట్లు కూడా కొట్టారు. శత్రువుకి ఇంతకన్నా మంచి స్వాగతం ఎక్కడ దొరుకుతుంది.

విశాల్ కైత్ సంగతి కూడా చెప్పుకోవాలండీ. 2023 ఐఎస్ఎల్ ఫైనల్ బెంగళూరు మీద షూటౌట్‌లో గెలిపించాడు. 2024 డ్యూరాండ్ కప్‌లో క్వార్టర్ ఫైనల్ పంజాబ్ మీద, సెమీస్ మళ్ళీ బెంగళూరు మీద, రెండూ షూటౌట్లే, రెండూ అతని చేతుల మీదే. ఎదురుగా కైత్ ఉంటే కొట్టేవాడికి గోల్ సగమే కనిపిస్తుంది. మీ కోచ్ గారు భయపడింది గిల్‌ని చూసి కాదు, మా కైత్‌ని చూసి.

గచ్చిబౌలి_గ్యాలరీ | రాత్రి 11:55

అదే డ్యూరాండ్ ఫైనల్ల నార్త్ఈస్ట్ మీద షూటౌట్‌ల ఓడిపోయిన్రు, అది కూడ చెప్పు అన్నా. 2-0 మీద ఉండి. కైత్ దేవుడైతే ఆ రోజు ఏడ వోయిండు?

పచ్చ_మెరూన్ | రాత్రి 11:56

దేవుడికి కూడా సెలవుంటుందండీ.

సికింద్రాబాద్_సీనియర్ | అక్టోబర్ 19, ఉదయం 6:12

పొద్దుగాల లేవంగనే చదివిన. మంచిగ కొట్లాడిన్రు పిల్లలు.

మీరంతా కీపర్ల గురించి మాట్లాడుతున్నరు. నేను వేరే మాట అంట. డెర్బీ అంటే మొదటి నుంచి మన హైదరాబాదోళ్ళ ఆట. తులసీదాస్ బలరామ్ మన అమ్ముగూడ పిల్లగాడు. 1957ల ఈస్ట్ బెంగాల్‌కు పోయి, 1961ల కెప్టెన్‌గ లీగ్ గెలిపిచ్చిండు. కోచ్ రహీం సాబ్ నడిపిన ఇండియా టీంల 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాలుగో స్థానం, 1962 జకార్తా బంగారం, రెండిట్ల ఉన్నడు. 2023 ఫిబ్రవరిల కోల్‌కతాలనే పోయిండు.

హబీబ్ మియా అయితే రెండు దిక్కుల ఆడిండు. ఆయన ఎటు పోతే కప్పులు అటు పోయినయ్ అనేటోళ్ళు. 1977ల పెలే అమెరికా క్లబ్బు కాస్మోస్ టీంతోని ఈడెన్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2 చేసింది, అండ్ల ఒకటి హబీబ్ గోల్. ఆయన తమ్ముడు అక్బర్ 1976 డెర్బీల 17 సెకన్లల గోల్ కొట్టిండు. జనం ఇంక కూసోనే లేదు, మ్యాచ్ అండ్లనే అయిపోయింది, 1-0.

నిన్న రెండు టీంలల వెతికిన. మిజోరం పిల్లలున్నరు, మణిపూర్ పిల్లలున్నరు, మంచిగ ఆడుతున్నరు, సంతోషం. మన దిక్కు నుంచి ఎవరున్నరు? హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 54 దాక వరుసగ ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన ఊరు ఇది. అపుయాలు మన గల్లీలల ఎందుకు పుడుతలేరు? గీ ముచ్చట మీద చర్చ పెట్టరు.

ఖరగ్‌పూర్_రైల్ | ఉదయం 7:03

సర్, నమస్కారం. మా తాతగారు ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో చేసేవారు. బలరామ్ ఆట చూడ్డానికి రైలెక్కి కలకత్తా వెళ్ళేవారట. మా ఇంట్లో ఈస్ట్ బెంగాల్ పిచ్చి అలా మొదలైంది. బెంగాలీ స్నేహితులు నన్ను ‘నువ్వు ఘోటీవా (పశ్చిమ బెంగాల్ మూలాలు, బగాన్ పక్షం), బాంగాల్‌వా (తూర్పు బెంగాల్ మూలాలు, మా పక్షం)’ అనడుగుతారు. రెండూ కాదు, రైల్వే క్వార్టర్స్ వాణ్ణి అంటాను. అయినా డెర్బీ రోజు వదిలిపెట్టరు.

హబీబ్ సాబ్ 1970 నుంచి 74 దాకా మా దగ్గరే ఉన్నారు. ఆ ఐదేళ్ళ గురించి మా గ్యాలరీ ముసలాళ్ళు ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెబుతారు.

దోహా_శీను | ఉదయం 7:20

సీనియర్ గారి ప్రశ్నకి నా వంతు. మిజోరంలో ఊరూరా లీగ్ ఉంది, టర్ఫ్ ఉంది, చర్చి గ్రౌండ్ ఉంది, ఇంట్లో అమ్మానాన్నా ‘ఆడుకో’ అంటారు. మన దగ్గర గ్రౌండ్ ఉంటే దాని మీద ఫంక్షన్ హాల్ కడతారు, లేకపోతే గంటకింత అని అద్దె టర్ఫ్. పన్నెండేళ్ళు రాగానే ఐఐటీ ఫౌండేషన్. ఇంక అపుయా ఎక్కణ్ణుంచి వస్తాడు?

గచ్చిబౌలి_గ్యాలరీ | ఉదయం 7:31

మన హైదరాబాద్ క్లబ్బు శ్రీనిధి దక్కన్ ఉంది కద ఇంక. ఇదే షీల్డ్‌ల ఈస్ట్ బెంగాల్ గ్రూప్‌లనే ఉండె. ఓడిపోయింది, సరే. కాని మిగిలింది గదొక్కటే. మ్యాచ్ పెడితే ఎంతమంది పోతున్రు? సీనియర్ సార్ లెక్క పాత ముచ్చట్లు చెప్పుకుంటం గాని టికెట్ మాత్రం కొనం.

సికింద్రాబాద్_సీనియర్ | ఉదయం 7:40

నేను పోతున్న బిడ్డా. నువ్వు కనబడ్తలేవు.

నిర్వాహకుడు | ఉదయం 8:05

హైదరాబాద్ ఫుట్‌బాల్ మీద వేరే థ్రెడ్ ఉంది, ఆ చర్చ అక్కడ కొనసాగించండి. ఇక్కడ నిన్నటి మ్యాచ్. ఆటగాళ్ళని తిట్టండి, వాళ్ళ ఇళ్ళవాళ్ళ జోలికి వెళ్ళకండి. జయ్ గుప్తా మీద పెట్టిన రెండు పోస్టులు తీసేశాను.

వింగ్‌బ్యాక్_వాణి | ఉదయం 8:22

మంచి పని చేశారు. జయ్ గుప్తా గురించి నేనూ ఒక మాట. లెఫ్ట్ బ్యాక్ పెనాల్టీకి ముందుకొచ్చాడంటే గుండె ఉన్నవాడని అర్థం. షూటౌట్‌లో వెనక్కి తగ్గి బూట్ల తాళ్ళు సవరించుకునేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళ పేరు ఎప్పటికీ బయటికి రాదు. నిలబడి కొట్టి పోగొట్టుకున్నవాడి పేరే మిగులుతుంది. అది అన్యాయం.

నా అసలు ప్రశ్న గిల్ గురించే. తీసేస్తారని అతనికి ముందే తెలుసా? మ్యాచ్‌కి ముందే ‘షూటౌట్ వస్తే దేబ్‌జిత్ దిగుతాడు’ అని చెప్పి ఉంటే అది ప్లాన్. అప్పటికప్పుడు బోర్డు ఎత్తి ఉంటే అది అవమానం. 2014లో క్రూల్‌కి ముందే తెలుసు, సిలెసెన్‌కే చెప్పలేదు, అతను కోపంతో సీసా తన్నుకుంటూ వెళ్ళాడు. ఇక్కడ మనకి తెలిసినంతలో ఏదీ చెప్పలేం, కానీ గ్యాలరీలో నా పక్కనున్నవాళ్ళందరూ ఒక్కసారి ‘అరే’ అన్నారు.

ఖరగ్‌పూర్_రైల్ | ఉదయం 8:40

ఆ ‘అరే’ నేనూ అన్నాను. మా వరసంతా లేచి నిలబడింది.

మార్కులు ఎవరూ వెయ్యట్లేదు, నేనే మొదలెడతాను. హమీద్ 8. గోల్ కొట్టాడు, ఒంటరిగా ఇద్దరు డిఫెండర్లతో రాత్రంతా కుస్తీ పట్టాడు. ఆగస్టు 17న డ్యూరాండ్ క్వార్టర్ ఫైనల్ డెర్బీలో దెబ్బ తగిలి మొదట్లోనే బయటికెళ్ళినవాడు, ఆ బాకీ నిన్న తీర్చాడు. గిల్ 7. బ్రూజోన్ 3.

దోహా_శీను | ఉదయం 8:51

బ్రూజోన్‌కి 3? ఆగస్టు డెర్బీలో హమీద్ పడిపోతే దియామంతకోస్‌ని దింపింది ఎవరు? ఆ సబ్ రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిపించాడు. ఆ రోజు ‘ఆస్కార్ మాస్టర్’ అని ఇదే వేదికలో నీ పోస్టే ఉంది, వెతకమంటావా? గెలిస్తే తెలివి, ఓడితే తిక్క. కోచ్ ఉద్యోగం ఎవడూ చెయ్యకూడదు బాబూ.

ఖరగ్‌పూర్_రైల్ | ఉదయం 8:58

ఆ రోజు గాయం వల్ల దింపాడు, తప్పక. నిన్నటిది ఎవరూ అడక్కుండా చేసిన పని. నా కోపం దాని మీద.

లెక్కల_మాస్టారు | ఉదయం 9:15

ఇక్కడ నేను శ్రీమాన్ ఖరగ్‌పూర్‌తో ఏకీభవిస్తాను. నా లెక్క ప్రకారం ఆ మార్పులో లాభం కొద్దిపాటిది. నష్టం ఎక్కడ కనిపిస్తుందంటే, సూపర్ కప్‌లో. ఈ నెల 31న గోవాలో ఇదే రెండు జట్లు మళ్ళీ ఆడాలి, ఒకే గ్రూప్. గ్రూపులో మొదట నిలిచిన జట్టుకే సెమీస్. పన్నెండు రోజుల్లో గిల్ మనసు సర్దుకోవాలి. కీపర్ అనేవాడు ఒక సెకను సందేహించినా గోల్ పడుతుంది. ఎదురొచ్చే క్రాస్‌కి బయటికి రావాలా వద్దా అన్నప్పుడు, ‘నన్ను తీసేశారు కదా’ అన్నది మనసులో మెదిలితే చాలు.

పచ్చ_మెరూన్ | ఉదయం 9:24

మాస్టారూ, అది గ్రూప్ మ్యాచ్ కాబట్టి షూటౌట్ ఉండదు. కనక 90 నిమిషాల్లో ఎవరు బాగా ఆడితే వాళ్ళే. గిల్‌ని తీసెయ్యాల్సిన అవసరం మీ కోచ్ గారికి రాదు. మాకే ఇబ్బంది, కైత్‌ని వాడుకునే అవకాశం పోయింది.

సరదా పక్కన పెడితే, నాకు మా జట్టు మీద భరోసా లేదండీ. నిన్న మేం గెలిచింది ఆటలో కాదు, 120 నిమిషాల్లో మీ మీద పైచేయి ఎక్కడా కనిపించలేదు. కమింగ్స్, మక్లారెన్ ఇద్దరూ ఆస్ట్రేలియా వాళ్ళే, పేరున్నవాళ్ళే, కానీ ఇద్దరూ ఒకే చోటికి పరిగెడుతున్నారు. మా కోచ్ మొలీనా 31న కూడా ఈ జోడీనే దింపితే నేను రొయ్యలు కాదు, పప్పుచారు వండుకుంటాను.

వింగ్‌బ్యాక్_వాణి | ఉదయం 9:37

డ్రా అయితే ఎవరికి లాభమో చెప్పండి మాస్టారూ. మిగతా రెండు మ్యాచ్‌ల్లో ఎవరు ఎక్కువ గోల్స్ కొడితే వాళ్ళకే కదా? అయితే ఈస్ట్ బెంగాల్ 31 గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకుండా, ముందు మ్యాచ్‌ల్లో గోల్స్ కుమ్మెయ్యాలి. హమీద్‌తో పాటు స్ట్రైకర్ హిరోషి కూడా ఉన్నాడు, ఇద్దర్నీ కలిపి ఆడిస్తే బాక్స్‌లో ఒకళ్ళైనా ఖాళీగా దొరుకుతారు.

లెక్కల_మాస్టారు | ఉదయం 9:49

వాణి గారు సరిగ్గా పట్టారు. పాయింట్లు సమమైతే గోల్ తేడానే తేలుస్తుంది. డెర్బీ 0-0 అయినా, అంతకుముందు మ్యాచ్‌లో నాలుగు కొట్టిన జట్టు నవ్వుకుంటూ వెళ్తుంది. నేను కోచ్ అయితే మొదటి మ్యాచ్‌లో 3-0 మీద ఉన్నా స్ట్రైకర్‌ని తియ్యను.

గచ్చిబౌలి_గ్యాలరీ | ఉదయం 9:55

హిరోషి, హమీద్ ఇద్దరిని పెడితే మిడ్‌ఫీల్డ్‌ల ఒకణ్ణి తగ్గించాలె. అపుయా ముందట ఒకణ్ణి తగ్గిస్తే ఏమయితదో నిన్ననే చూసినం కద. డెర్బీకి మాత్రం ఒక్కడే స్ట్రైకర్, వెనుక మిడ్‌ఫీల్డ్‌ల సౌల్, రషీద్. మహేష్‌ను ఎడమ దిక్కు వదిలెయ్యాలె.

ఖరగ్‌పూర్_రైల్ | ఉదయం 10:10

నా జట్టు కూడా అదే, ఒక్క మార్పు. జీక్సన్‌ని బెంచీ మీద ఉంచకుండా అపుయా మీదే వదలాలి, బంతి సంగతి మర్చిపోయి మనిషిని పట్టుకోమని. ముందు మ్యాచ్‌ల్లో ఇద్దరు స్ట్రైకర్లు, 31న ఒక్కడే. గోల్‌లో గిల్, మొదటి నిమిషం నుంచి ఆఖరి విజిల్ దాకా. గోవాకి టికెట్ దొరికితే నేను వెళ్తున్నా, అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో ఎవరైనా వస్తారా?

పచ్చ_మెరూన్ | ఉదయం 10:13

నేనొస్తానండీ. సైడ్ లోయర్ నాది, భోజనం ఓడినవాళ్ళది.